చిన్న విమానానికి ఎత్తే శ్రీరామరక్ష
* నేలకు దగ్గరగా ఉన్నప్పుడే ముప్పు
* విమానాశ్రయ ప్రతిపాదన వేళ తెలుసుకోవాల్సిన సంగతులు

కొత్తపట్నం: ఒంగోలుకు విమానాశ్రయాన్ని కొత్తపట్నం మండలంలో నెలకొల్పాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా చర్చలో ఉంది. అటు జాతీయ రహదారిపై కొరిశపాడు వద్ద నిర్మించిన అత్యవసర రన్‌వేపై 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న వైమానిక దళ విమానాలతో ప్రయోగాలు జరిగాయి. విమానాశ్రయ ప్రతిపాదన కార్యరూపం దాలిస్తే చేల మీదుగా, మత్స్యకార గ్రామాల మీదుగా విమానాలు తక్కువ ఎత్తులో రాకపోకలు సాగిస్తాయి. ఈ నేపథ్యంలో చిన్న విమానాలు ఎందుకు కూలుతాయో, నేల మీది వారు ఏ జాగ్రత్తలు పాటించాలో తెలుసుకోవడం అవసరం.

గద్ద చెప్పే సూత్రం
ఎండాకాలం మధ్యాహ్నం మిరప కల్లాలపై గద్దలు రెక్క ఆడించకుండా గిరికీలు కొట్టడం రైతులకు తెలిసిన దృశ్యమే. వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి వాటిని మోస్తుంది. ఇంజన్ లేని గ్లైడర్లు ఎగిరేదీ ఈ సూత్రంపైనే. నేలపై నుంచి యంత్రంతో తాడు లాగి గానీ, మరో విమానానికి కట్టి గానీ వాటిని పైకి చేరుస్తారు. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి మేలైన గ్లైడర్ పది కిలోమీటర్లకు పైగా జారుతూ వెళ్లగలదు. ఇంజన్ ఆగిన చిన్న శిక్షణ విమానం సైతం అదే ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు వెళ్తుంది. ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందనుకోవడం అపోహ మాత్రమే.

ఇందుకు 1983 జులై 23న కెనడాలో జరిగిన సంఘటనే నిదర్శనం. ఇంధనం కొలతలో జరిగిన పొరపాటు వల్ల ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానం రెండు ఇంజన్లూ గగనతలంలోనే ఆగిపోయాయి. సమస్య మొదలైనప్పుడు అది 41 వేల అడుగుల ఎత్తులో పయనిస్తోంది. గ్లైడర్లు నడిపిన అనుభవం గల కెప్టెన్ దానిని గిమ్లి పట్టణంలోని పాత వైమానిక స్థావరంలో దించారు. అందులోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఎత్తు లేకపోతే..
రెక్కల మీదుగా గాలి సాఫీగా పారినంతసేపే విమానానికి ఆధారం. వేగం తగ్గుతున్నా ముక్కును పైకి లేపుతూ పోతే రెక్క పైభాగాన గాలి ప్రవాహం చెదిరి ఆ ఆధారం తప్పుతుంది. దీనినే స్టాల్ అంటారు. ముక్కు దించి వేగం పుంజుకోవడమే విరుగుడు. అందుకు కొన్ని వందల అడుగుల ఎత్తు ఖర్చవుతుంది. ఆ ఎత్తు లేనప్పుడు ఎంతటి నిపుణుడికైనా వ్యవధి చాలదు.

మలుపులో ఈ ముప్పు మరింత ఎక్కువ. విమానాన్ని 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిప్పినప్పుడు, మామూలు కంటే 40 శాతం అధిక వేగంలోనే స్టాల్ ఏర్పడుతుంది. అందుకే పైకి లేచిన వెంటనే ఇంజన్ ఆగితే వెనుదిరగకుండా ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో దించాలని శిక్షణలో నేర్పుతారు. గ్లైడర్‌ను లాగే తాడు తెగినప్పుడూ ముందు చేయవలసిన పని ముక్కు దించడమే.

చేదు అనుభవాలు
2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు విమాన మైదానం నుంచి సినీనటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరారు. ఆమె ప్రయాణించిన చిన్న సెస్నా విమానం కొద్దిసేపటికే, తగినంత ఎత్తు అందుకోకముందే సమీప వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కూలిపోయింది. అందులోని నలుగురూ మరణించారు.

2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ వద్ద ప్రతికూల వాతావరణంలో శిక్షణ విమానం పొలాల్లో కూలి ఇద్దరు శిక్షణార్థులు కన్నుమూశారు. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ విమాన మైదానం నుంచి ఎగిరిన సెస్నా 152 విమానం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద కూలింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థిని ప్రాణాలు కోల్పోయారు. సంఘటనా స్థలం సమీపంలో హైటెన్షన్ విద్యుత్ తీగలు ఉండటంతో అవి తగిలి ఉంటాయన్న అనుమానం తొలుత వ్యక్తమైంది. 2023 డిసెంబరు 4న దుండిగల్ వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ పరిధిలో కూలి ఇద్దరు మరణించారు.

తీరంలో ప్రత్యేక జాగ్రత్తలు
కొత్తపట్నం వంటి తీర ప్రాంతంలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వీస్తుంది. రన్‌వేకు అడ్డంగా వీచే గాలి తేలికపాటి విమానాలను పక్కకు నెడుతుంది. అందుకే ఏడాది పొడవునా గాలి వీచే దిశలను పరిశీలించిన తర్వాతే రన్‌వే ఏ దిక్కున ఉండాలో నిర్ణయిస్తారు.

పక్షులతో మరో చిక్కు. రొయ్యల చెరువులు, ఎండుచేపల కళ్లాలు, చెత్తకుప్పలు కొంగలను, గద్దలను ఆకర్షిస్తాయి. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల పరిధిలో పశువధ, చెత్త పారబోత వంటి పక్షులను రప్పించే పనులను 1937 నాటి విమాన నియమావళి నిషేధించింది. ఎండుచేపలపై ఆధారపడిన కుటుంబాలకు ఇది జీవనోపాధితో ముడిపడిన విషయం. విద్యుత్ స్తంభాలు, సెల్ టవర్లు, ఎత్తయిన భవనాల పైనా ఆంక్షలు తప్పవు. భూసేకరణతో పాటు ఈ అంశాలనూ గ్రామసభల్లో ముందుగానే ప్రజలకు వివరించాల్సి ఉంటుంది.

ప్రమాదం జరిగితే..
పొలంలో విమానం కూలితే వెంటనే 112కు సమాచారం అందించాలి. ఇంధనం చిందే అవకాశం ఉన్నందున చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. తెగిన విద్యుత్ తీగలు ఉంటే సరఫరా నిలిపివేసే వరకు దగ్గరకు వెళ్లరాదు. క్షతగాత్రులను కాపాడేందుకు తప్ప శకలాలను కదిలించకూడదు. అవి పడిన తీరే దర్యాప్తునకు కీలక ఆధారం.

2012లో ఏర్పాటైన విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ ఈ ఆధారాలను పరిశీలించి నివేదిక ఇస్తుంది. నిందితులను తేల్చడం దాని పని కాదు. అలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడటమే దాని లక్ష్యం. చిన్న విమానాలు కూలిన చోట మొదట చేరుకునేది తరచూ పొలం పనుల్లో ఉన్న కూలీలే. తుంగతుర్తిలోనూ అదే జరిగింది. కాబట్టి విమానం రాకముందే ఈ జాగ్రత్తలు ఊరికి తెలియడం మేలు.