హార్మోన్ల అండతో పెరిగే క్యాన్సర్లు – మాత్ర మధ్యలో ఎందుకు మానకూడదు?

"స్టెరాయిడ్" అన్న మాటకు మన ఇళ్ళల్లో మంచి పేరు లేదు. ఉబ్బసానికో కీళ్ళనొప్పులకో వాడితే ముఖం ఉబ్బుతుందని, షుగరు పెరుగుతుందని చెప్పుకుంటాం. అందుకే డాక్టరు గారు "ఇది హార్మోనుల మీద ఆధారపడిన క్యాన్సరు" అని చెప్పి, రోజూ వేసుకోమని ఒక మాత్ర రాసిస్తే ఇంటిల్లిపాదికీ అనుమానం మొదలవుతుంది. "హార్మోను మందంటే స్టెరాయిడేమో, ఎక్కువ రోజులు వాడకూడదేమో!" అంటారు. ఆ అనుమానంతో కొన్ని ఇళ్ళల్లో మాత్ర మధ్యలోనే ఆగిపోతుంది. దాని ఫలితం కొన్నిసార్లు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, బళ్ళారి, హోసూరు, బరంపురం, సోలాపూర్ అంటూ బదిలీల మీద తిరిగినవాణ్ణి. కొంతకాలం మా ప్రాంతీయ కార్యాలయంలో సిబ్బంది మెడికల్ బిల్లులు చూసే పని నాకు అప్పగించారు. ఆ కాగితాలలో తరచు కనిపించే "ఇ.ఆర్. పాజిటివ్" అంటే ఏమిటో తెలుసుకోవాలనిపించింది. తెలిసిన డాక్టర్లను అడిగి, చదివి గ్రహించినది మన కుటుంబాలకు పనికివస్తుందని రాస్తున్నాను.

స్టెరాయిడ్లన్నీ ఒకటి కావు

మనం భయపడే కొలెస్టరాల్ నుంచే మన శరీరం స్టెరాయిడ్ హార్మోన్లను తయారుచేసుకుంటుంది. వాటిలో ఒక శాఖ కార్టిసాల్. ముఖం ఉబ్బించే మాత్రలు ఈ శాఖకు చెందినవి. మరో శాఖ స్త్రీపురుష లక్షణాలకు సంబంధించినది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్ అందులోవి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌లు ముఖ్యంగా అండాశయాల్లోనూ, టెస్టోస్టిరాన్ వృషణాల్లోనూ తయారవుతాయి.

ఇవి రక్తంలో ఒళ్ళంతా తిరిగినా అన్ని కణాలూ ఒకేలా స్పందించవు. తమకు సరిపోయే "రిసెప్టరు" ఉన్న కణాల్లోనే ఇవి పనిచేస్తాయి. మా భాషలో చెప్పాలంటే హార్మోను తాళంచెవి, రిసెప్టరు తాళం. చెవి తాళంలో ఇమిడి తిరిగితే, "పెరుగు, రెండుగా చీలు" అన్న ఆజ్ఞ కణం కేంద్రంలోని జన్యువులకు అందుతుంది. ఆడపిల్ల ఎదిగేటప్పుడు, గర్భం ధరించినప్పుడు రొమ్ము పెరిగేది ఇలాంటి ఆజ్ఞల వల్లనే.

చిక్కంతా ఆ కణాల్లో ఒకటి దారి తప్పి క్యాన్సరు కణంగా మారినప్పుడు వస్తుంది. చాలాసార్లు అది తన తాళాన్ని పోగొట్టుకోదు. శరీరం మామూలుగా తయారుచేసే హార్మోనే దానికి ఎరువవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో సగానికి పైగా ఈ రకానివే. ఆపరేషనులో తీసిన ముక్కను పరీక్షించి, ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు ఉంటే "ఇ.ఆర్. పాజిటివ్" అనీ, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లు ఉంటే "పి.ఆర్. పాజిటివ్" అనీ రాస్తారు. పాజిటివ్ అనగానే బెంబేలెత్తనక్కరలేదు. వైద్యానికి ఒక అదనపు దారి తెరిచి ఉందని దాని అర్థం.

పాడిపశువుల నుంచి దొరికిన ఆచూకీ

ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నవారిలో ముఖ్యుడు స్కాట్లండులోని గ్లాస్గో నగరపు సర్జన్ జార్జ్ బీట్సన్. పాల ఉత్పత్తి మీద పరిశోధన చేస్తున్నప్పుడు ఆయన ఒక సంగతి విన్నాడు. కొన్ని దేశాల్లో రైతులు ఆవు ఈనిన తరువాత దాని అండాశయాలు తీసేస్తారట, అప్పుడు ఎక్కువకాలం పాలిస్తుందట. ఎక్కడో కడుపులో ఉన్న అండాశయానికి పొదుగు మీద అధికారం ఉందన్నమాట! 1895లో ఆయన, రొమ్ము క్యాన్సరు తిరగబెట్టి ఇక చేయగలిగింది లేదనుకున్న 33 ఏళ్ళ స్త్రీకి అండాశయాలు తొలగించాడు. కొన్ని నెలల్లో ఆమె ఛాతీ మీది గడ్డలు కరిగిపోయాయి. 1896లో ఈ వివరాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. "హార్మోను" అన్న మాట పుట్టింది 1905లో. అంటే పేరు పెట్టకముందే దాని పని ఆయన కంటబడింది!

అయితే ఈ ఆపరేషను వల్ల మేలు పొందినవారు సుమారు మూడో వంతు మందే అని 1900 నాటికి తేలింది. మిగతావారికి ఎందుకు పనిచేయలేదో అప్పట్లో ఎవరికీ బోధపడలేదు. అమెరికాలో ఎల్వుడ్ జెన్సెన్ 1950ల చివర మొదలుపెట్టిన పరిశోధనలతో ఈస్ట్రోజెన్ రిసెప్టరు బయటపడ్డాక గానీ ఆ ముడి వీడలేదు. తాళం లేని కణానికి చెవి దొరకకుండా చేసి లాభమేమిటి?

మగవారి విషయంలో ఇలాంటి దారి చూపినవాడు షికాగోలోని చార్లెస్ హగిన్స్. ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సరు టెస్టోస్టిరాన్ అండతో పెరుగుతుందని, ఆ హార్మోను తగ్గిస్తే ఎముకలకు పాకిన జబ్బు సైతం వెనకడుగు వేస్తుందని 1941లో చూపించాడు. దానికి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు చాలామందికి ఆపరేషను లేకుండానే, నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షనుతో వృషణాల్లో హార్మోను తయారీని ఆపుతున్నారు. మూత్రం ఇబ్బందిని "వయసు కదా" అని దాచుకునే పెద్దలు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. అది చాలాసార్లు మామూలు వాపే కావచ్చు. కానీ అది తేల్చవలసింది డాక్టరు, మన మొహమాటం కాదు.

ఆ మాత్ర చేసే పని

టామోక్సిఫెన్ అనే మందును 1962లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. కంపెనీ గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతూ తయారుచేసింది. ఆ పనికి అది పనికిరాలేదు. రొమ్ము క్యాన్సరుకు మాత్రం అక్కరకొచ్చింది. 1977లో అమెరికా ప్రభుత్వం కూడా ఆమోదించింది. ఇది స్టెరాయిడ్ కాదు. రొమ్ము కణాల్లో ఈస్ట్రోజెన్ తాళంలో దూరి, తిరగకుండా కూర్చునే మారుచెవి అనుకోండి. అది అడ్డుగా ఉన్నంతసేపు అసలు చెవికి చోటుండదు.

నెలసరి పూర్తిగా ఆగిపోయినవారికి సాధారణంగా లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటివి ఇస్తారు. అండాశయాలు విశ్రాంతి తీసుకున్నా శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీ పూర్తిగా ఆగదు. కొవ్వులోనూ కండల్లోనూ ఉండే అరోమటేజ్ అనే ఎంజైము ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఈ మాత్రలు ఆ ఎంజైమును ఆపుతాయి. ఆ వయసులో ఒళ్ళు పెరిగితే రొమ్ము క్యాన్సరు ప్రమాదం పెరగడానికి కొవ్వులో జరిగే ఈ తయారీ ఒక కారణం.

ఆపరేషనుతో కంటికి కనిపించే గడ్డ పోతుంది. కంటికి కనిపించని కణాలు కొన్ని ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. ఈ రకం క్యాన్సరు అయిదేళ్ళు దాటాక కూడా తిరగబెట్టగలదు. ఇ.ఆర్. పాజిటివ్ జబ్బులో టామోక్సిఫెన్‌ను సుమారు అయిదేళ్ళు వాడితే, వాడనివారితో పోలిస్తే, మొదటి పదిహేనేళ్ళలో ఆ జబ్బుతో మరణించే ప్రమాదం దాదాపు మూడో వంతు తగ్గుతుందని 2011లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ తేల్చింది. పదేళ్ళు వాడితే ఇంకా మేలని 2012లో మరో పెద్ద పరిశోధన చెప్పింది. ఎవరికి ఎన్నాళ్ళన్నది డాక్టరు నిర్ణయం.

మా వదినకు 2015లో, 46వ ఏట ఆపరేషను జరిగింది. రెండేళ్ళు మాత్ర వేసుకున్నాక, ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని, రాత్రిళ్ళు చెమటతో నిద్ర ఉండడంలేదని విసిగిపోయారు. ఒక పెళ్ళిలో చుట్టాలు, "నిక్షేపంలా ఉన్నావు, ఇంకా మందెందుకమ్మా?" అన్నారు. ఆమె మానే ముందు డాక్టరమ్మ గారిని అడిగారు. "మీరు నిక్షేపంలా ఉండడానికే ఈ మందు" అన్నారట ఆవిడ. ఆవిర్లు తగ్గడానికి ఉపాయాలూ చెప్పారు. వదిన 2025లో పదేళ్ళ కోర్సు ముగించారు. నా సహోద్యోగి ఒకరి భార్య మాత్రం ఏడాదిన్నరకే ఎవరినీ అడగకుండా మానేశారు. నాలుగేళ్ళకు జబ్బు ఎముకల్లో కనిపించింది. మానకపోతే వచ్చేది కాదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ "మానకుండా ఉంటే?" అన్న ప్రశ్న ఆ ఇంట్లో అలాగే మిగిలిపోయింది.

ఈ మందులకు ఇబ్బందులు లేవని కాదు. టామోక్సిఫెన్‌తో అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చు. గర్భాశయ లోపొర క్యాన్సరు ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది. నెలసరి ఆగిపోయినవారికి మళ్ళీ రక్తం కనిపించినా, కాలు వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మందు వాడుతూ గర్భం ధరించకూడదు. లెట్రోజోల్ వంటివాటితో ఎముకలు పలుచబడతాయి, కీళ్ళు నొప్పిపుడతాయి. వీటికీ మార్గాలున్నాయి. ఒక మందు పడకపోతే మరొకటి ఇవ్వవచ్చు. మనంతట మనం మానేయడం మాత్రం మార్గం కాదు.

అడగవలసిన ప్రశ్నలు

1. రిపోర్టులో ఇ.ఆర్., పి.ఆర్. ఫలితం ఏమిటి?
2. ఈ మాత్ర ఎన్నేళ్ళు వాడాలి?
3. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?
4. ఇతర మందులు, ఆయుర్వేద మందులు దీనితో కలిపి వాడవచ్చా?
5. ఎముకల పరీక్ష అవసరమా?

మన ప్రాంతాలకు అందుబాటులో ముంబయిలో టాటా మెమోరియల్, బెంగళూరులో కిద్వాయి, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, కటక్‌లో ఆచార్య హరిహర్ సంస్థ, పుదుచ్చేరిలో జిప్మర్ ఉన్నాయి. అక్కడ డాక్టరు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెప్పింది ఇంట్లో పెద్దవాళ్ళకు సగమే అర్థం కావచ్చు. అందుకని తోడు వెళ్ళిన పిల్లలు ఒక పని చేయాలి. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ముగించవలసిన తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకు అంటించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్టు గడువు తేదీని ఎవరూ మరిచిపోరు. దీన్ని కూడా అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకోవాలి.