చవక ప్రళయం... భలే మజా!

మే నెల మిట్టమధ్యాహ్నం. తిరువూరు దాటితే కోతలైపోయిన చేలు, దుమ్ము రేగే మట్టిరోడ్డు. మనిషి జాడ లేదు. అక్కడో పాత జీపుకి ఇనుప రేకులు బిగించి నిలబెడితే చాలు... ప్రపంచం అంతమైపోయాక జరిగే సినిమాకి సెట్టింగు రెడీ! చిన్న బడ్జెట్‌ ప్రళయం సినిమాల అభిమానులు మురిసిపోయేది ఆ కిటుకు చూసే.

ఈ ముచ్చటకు దారి చూపింది 1979లో ఆస్ట్రేలియాలో వచ్చిన ‘మ్యాడ్‌ మ్యాక్స్‌’. దర్శకుడు జార్జ్‌ మిల్లర్‌ వృత్తిరీత్యా డాక్టరు. ఖర్చు నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్లు మించలేదు. డబ్బుల్లేక ఛేజింగులో తన సొంత వ్యానునే తుక్కు చేశాడు. పోలీసు పాత్రల్లో చాలామందికి తోలు దుస్తుల బదులు వినైల్‌తో సరిపెట్టాడు. వసూళ్లు మాత్రం పది కోట్ల డాలర్లు దాటాయి! 1981లో వచ్చిన రెండో భాగంతో ఎడారి, పెట్రోలు కోసం కొట్లాట ఈ సినిమాలకు ఓ ఒరవడి అయ్యాయి.

ఇటలీవాళ్లు ఊరుకుంటారా? 1983లో ‘ది న్యూ బార్బేరియన్స్‌’, ‘2019: ఆఫ్టర్‌ ది ఫాల్‌ ఆఫ్‌ న్యూయార్క్‌’ వదిలారు. రెండింట్లోనూ లోకం నాశనమయ్యాక కథ నడిచేది 2019లోనే. ఆ ఏడాది వచ్చింది, వెళ్లింది. ఇప్పుడవి చూసి అభిమానులు పడీపడీ నవ్వుతారు. అది వెక్కిరింత కాదు. బొమ్మ నగరాల వెనక, వింత కార్ల వెనక ‘ఎలాగైనా తీసి తీరాలి’ అన్న పంతం వాళ్లకి కనిపిస్తుంది.

2024లో ‘కల్కి 2898 ఏడీ’ వందల కోట్లతో ఎండిపోయిన కాశీని చూపిస్తే నోరెళ్లబెట్టి చూశాం. చవక సినిమా అలా కాదు. సగం తెరమీద ఉంటుంది, మిగతా సగం చూసేవాడే ఊహించుకోవాలి. చూశాక ‘ఇది మనమూ తీయొచ్చు’ అనిపిస్తుంది. కావాల్సింది ఎండా దుమ్మే అయితే, తిరువూరులో వాటికేం కొదవ!