మీకు తెలుసా? ఫోన్ అద్దాన్ని గీసేది తాళంచెవి కాదు, ఇసుక

కొత్త ఫోన్ కొన్న నెలలోపే తెరమీద సన్నటి గీత పడితే అందరి అనుమానమూ ముందు తాళంచెవుల గుత్తిమీదికే పోతుంది. నిజానికి దాని తప్పేమీ ఉండదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలవడానికి మోస్ స్కేలు అని ఒకటుంది. ముఖానికి రాసుకునే పౌడర్‌లో వాడే టాల్క్‌ది అందులో 1, వజ్రానిది 10. తక్కువ అంకె ఉన్నది ఎక్కువ అంకె ఉన్నదాన్ని గీయలేదు. ఇత్తడి తాళంచెవి 3 దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ అద్దంమీద గీతలు పడటం 6 దగ్గర మొదలవుతుంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ గట్టిదనం 7. విశాఖ బీచ్‌కో, సూర్యలంకకో వెళ్లొచ్చిన ప్యాంటు జేబులో మిగిలిపోయిన రెండు రేణువులు చాలు, అద్దం మీద గీత పడటానికి. ఇల్లు కడుతున్నచోట ఎగిరే దుమ్ములోనూ ఉండేది ఇదే ఇసుక.

తెరమీద దుమ్ము కనబడగానే చొక్కా అంచుతోనో చీర కొంగుతోనో గట్టిగా రుద్దేయడం మనకు అలవాటు. అలా రుద్దితే ఆ రేణువులు అద్దంమీదుగా ఈడ్చుకుపోతాయి. ముందు ఊది, దులిపి, ఆ తర్వాత కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డతో తుడవాలి. ఫోన్ పెట్టుకునే జేబును అప్పుడప్పుడు బయటికి తిప్పి విదిలిస్తే ఇంకా మంచిది.

ఈ అద్దాన్ని గట్టిపరిచే పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. సుమారు 400 డిగ్రీల వేడిమీద కరిగిన పొటాషియం లవణంలో అద్దాన్ని ముంచుతారు. అద్దంలోని సోడియం అయాన్లు బయటికి పోతాయి, ఆ ఖాళీల్లోకి వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. చిన్నవాటి చోట పెద్దవి ఇరుక్కోవడంతో పైపొర ఒత్తుకుని బిగుసుకుంటుంది. ఫోన్ చేజారి కిందపడినా చాలాసార్లు పగలకుండా బయటపడుతోందంటే కారణం ఆ బిగువే. అయితే ఆ పొరను దాటి లోపలికి దిగిన గీత ఒక్కటి ఉన్నా, మళ్లీ పడ్డప్పుడు పగులు అక్కడినుంచే మొదలవుతుంది. అందుకే కొన్నరోజే టెంపర్డ్ గ్లాస్ వేయించడం దండగ ఖర్చు కాదని నా గట్టి నమ్మకం.

బియ్యం డబ్బా వైద్యం

ఫోన్ నీళ్లలో పడితే బియ్యంలో పెట్టమని చెప్పనివాళ్లు మన ఇళ్లలో ఉండరు. ఆ పని చేయొద్దని ఆపిల్ సంస్థ 2024 జనవరిలో తన సలహాల్లో చేర్చింది. బియ్యంలోని నూక, తవుడు చార్జింగ్ రంధ్రంలోకి పోయి కొత్త ఇబ్బంది తెస్తాయి. లోపలి తడిని మాత్రం బియ్యం లాగలేదు. చేయాల్సింది ఇంతే: ఫోన్ ఆపేసి, చార్జింగ్ రంధ్రం కిందికి వచ్చేలా పట్టుకుని, అరచేతిమీద మెల్లగా తట్టి నీళ్లు రాల్చాలి. గాలి ఆడేచోట ఒక రోజు వదిలేయాలి. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. పూర్తిగా ఆరేదాకా చార్జర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

పెట్టెమీద ఐపీ 67, ఐపీ 68 అని రాసి ఉంటే నీళ్లంటే భయం లేదనుకుంటారు. మొదటి అంకె 6 దుమ్ముకు సంబంధించినది, రెండోది నీటికి. 67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుందని అర్థం. ఆ పరీక్ష కొత్త ఫోన్‌మీద, మంచినీళ్లలో జరుగుతుంది. సముద్రపు నీటికి, సబ్బు నీటికి, పిల్లలు ఒలకబోసే కూల్‌డ్రింక్‌కు ఆ హామీ వర్తించదు. పైగా లోపలి జిగురు, రబ్బరు అంచులు ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదులుతాయి. నీళ్లవల్ల పాడైతే వారంటీ వర్తించదని చాలా కంపెనీల షరతుల్లోనే ఉంటుంది. తడి తగిలితే రంగు మారే చిన్న పట్టీ ఫోన్ లోపల అంటించి ఉంటుంది, సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేది దాన్నే.

మొదటిరోజు ఎనిమిది గంటల చార్జింగ్ అక్కర్లేదు

కొత్త ఫోన్‌ను మొదటిరోజు ఎనిమిది గంటలు చార్జింగ్‌లో ఉంచాలన్న మాట నికెల్ బ్యాటరీల రోజుల్లోది. సున్నాకు పడేదాకా వాడి, అప్పుడే చార్జింగ్ పెట్టాలన్నదీ అప్పటి మాటే. ఇప్పటి ఫోన్లన్నిటిలో ఉండేది లిథియం అయాన్ కుటుంబపు బ్యాటరీ. 1991లో సోనీ దీన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దీనికి రూపమిచ్చిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవాళ్లలో అందరికంటే పెద్ద వయసు ఆయనదే.

ఈ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. పరిసరాల వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే తన ఫోన్లు వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో నీడపట్టునే 45 తాకే రోజులుంటాయి. చలిదేశాలవాళ్లకు అంతగా పట్టని ఈ జాగ్రత్త మనకు మాత్రం మొదటిది. మధ్యాహ్నం బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డుమీది ఫోన్, దిండు కింద చార్జింగ్ ఎక్కుతున్న ఫోన్... వీటి బ్యాటరీ తొందరగా నీరసిస్తుంది. డెలివరీ పని చేసే కుర్రాళ్లకైతే ఎండలో మ్యాప్ చూడక తప్పదు. వాళ్లు కనీసం ఆ సమయంలో పవర్‌బ్యాంక్ తగిలించకుండా, నీడలో ఆగినప్పుడు చార్జింగ్ పెట్టుకుంటే రెండు వేడులూ ఒకేసారి పడవు. వేడెక్కిన ఫోన్ చార్జింగ్ ఆపేస్తే కంగారు పడొద్దు, అది తనను తాను కాపాడుకుంటోంది. చల్లబడుతుందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీయగానే లోపల తేమ చేరుతుంది.

రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే పేలిపోతుందన్న భయం అక్కర్లేదు. నిండగానే కరెంటు తీసుకోవడం ఫోనే ఆపుకుంటుంది. కాకపోతే గంటల తరబడి 100 శాతం దగ్గర ఉండటం బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. అందుకే చాలా కొత్త ఫోన్ల సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే వీలు పెట్టారు. రోజంతా ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్ల ఫోన్లలో అది పెట్టేస్తే సరిపోతుంది.

ఇంతకీ ఫోన్ ఎంత కరెంటు తాగుతుంది? 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. చార్జర్‌లో వృథా అయ్యేది కలిపి 25 అనుకుందాం. పాత రకం 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ 20 నిమిషాలు తిరిగినా అయ్యేది అంతే. రోజూ సున్నా నుంచి నిండా ఎక్కించినా ఏడాది మొత్తానికి అయ్యేది సుమారు 9 యూనిట్లే.

డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ మిగులుతుందా? ఓలెడ్ తెర అయితేనే. అందులో నల్లటి చోట వెలుగు ఉండదు కాబట్టి కరెంటు మిగులుతుంది. ఎల్‌సీడీ తెరలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఓలెడ్‌లోనైనా వెలుగు సగం, అంతకంటే తక్కువ పెట్టుకుంటే మిగిలేది 3 నుంచి 9 శాతమేనని అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో తేల్చారు. పూర్తి వెలుగులో వాడేవారికే లాభం ఎక్కువ. వాడేసిన యాప్‌లన్నిటినీ గంటగంటకూ పైకి తోసి మూసేయడంవల్ల మాత్రం కలిసొచ్చేదేమీ లేదు. మళ్లీ తెరిచేటప్పుడు ఫోన్‌కు అదనపు పని పడుతుంది.

పిండి చేతులు, అరిగిన వేళ్లు

దోసెల పిండి కలుపుతుండగా ఫోన్ మోగితే మా అమ్మ వేలి కణుపుతో తెరను జరుపుతుంది. పనిచేస్తుంది. ఎందుకంటే తెర చూసేది నొక్కుడును కాదు, మన ఒంట్లో విద్యుత్తును పట్టుకునే గుణాన్ని. అద్దం కింద కంటికి కనబడనంత పల్చటి పొరలో అల్లిన విద్యుత్ క్షేత్రం చర్మం దగ్గరికి రాగానే అక్కడ మారుతుంది. గోరుతో గోకితే పలకదు. నీటిచుక్క పడితే దాన్నే వేలనుకుని తికమకపడుతుంది.

తాపీ పనివాళ్లకు, పొలం పనివాళ్లకు, రోజూ గిన్నెలు తోమే ఆడవాళ్లకు వేలిముద్రలు అరిగిపోయి ఫోన్ తెరుచుకోదు. రేషన్ దుకాణంలో ఎదురయ్యే కష్టమే ఇక్కడా. ఇలాంటివాళ్లకు ఫోన్ సిద్ధం చేసి ఇచ్చేటప్పుడు ఒకే వేలిని రెండు మూడుసార్లు వేరువేరు పేర్లతో నమోదు చేయండి. తక్కువ పని చేసే చేతివేలిని కూడా చేర్చండి. చాలావరకు ఇబ్బంది తీరుతుంది.

తెలుగులో మెసేజ్ ఎందుకు తొందరగా నిండిపోతుంది?

ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు వాడగానే ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాలి, అప్పుడు పట్టేవి 70. అందులోనూ మన కంటికి ఒక్క అక్షరంగా కనబడే ‘స్త్రీ’ ఫోన్ లెక్కలో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘అమ్మ’ అని రాస్తే నాలుగు. ప్యాక్‌లో రోజుకు ఇన్ని ఎస్ఎంఎస్‌లనే పరిమితి ఉన్నవాళ్లకు తెలుగులో రాస్తే ఆ లెక్క ముందే అయిపోవడానికి కారణం ఇదే. వాట్సాప్‌లో ఈ గొడవ లేదు.

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఆ అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరినప్పుడు ఐఫోన్లు దాన్ని తెరమీద గీయలేక, దాన్ని తెరిచిన యాప్ మూతపడిపోయేది. కొన్నిచోట్ల ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఆ నెల 19న వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేసిందన్న ధోరణిలో కథనాలొచ్చాయి. లోపం అక్షరాన్ని గీసే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కోట్లమంది రోజూ రాసుకునే లిపిని ముందే సరిగ్గా పరీక్షించాల్సింది.

మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 భారతీయ భాషల మెసేజ్‌లూ చదవగలిగేలా కనబడాలని, ఇంగ్లిష్, హిందీలతోపాటు కనీసం ఇంకొక భారతీయ భాషలో టైప్ చేసే వీలుండాలని ఐఎస్ 16333 ప్రమాణం చెబుతోంది. అమ్మానాన్నలకు కొనిచ్చే ఫోన్‌లో ఆ మూడో భాష తెలుగేనో కాదో దుకాణంలోనే చూసుకోండి. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసిపెడుతుంది. టైపింగ్ రాని పెద్దవాళ్లకు ఇంతకు మించిన సాయం లేదు.

సూదిరంధ్రం జాగ్రత్త

సిమ్ ట్రే తీసే పిన్ను గుచ్చే ముందు ట్రే గీత పక్కన ఉన్న రంధ్రమేనా అని చూసుకోండి. ఫోన్ అడుగున, నెత్తిన ఉండే మిగతా చిన్న రంధ్రాలు మైకులవి. పైనున్నది చుట్టుపక్కల రొదను విని, మీ గొంతునుంచి దాన్ని తీసేయడానికి పనికొస్తుంది.

నల్లమలలో సిగ్నల్ లేకపోయినా

మనం ఎక్కడున్నామో చూపడానికి ఫోన్ ఉపగ్రహాలకు ఏమీ పంపదు, వాటి మాట వింటుందంతే. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయం చెబుతూ ఉంటాయి. ఒక్కోదాని సంకేతం చేరడానికి పట్టిన సమయాన్నిబట్టి మనం ఎక్కడున్నామో ఫోన్ లెక్కగడుతుంది. దీనికి డేటా అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మకే. శ్రీశైలం ఘాట్ ఎక్కేముందు ఇంట్లో వైఫైమీద ఆ ప్రాంతపు మ్యాప్ దించుకుంటే అడవిలోనూ దారి కనబడుతుంది.

మన సొంత నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోటనుంచే లేచింది. చాలా కొత్త ఫోన్లు ఆ సంకేతాన్ని కూడా అందుకుంటాయి. ఉపగ్రహాల జాబితా చూపే ఉచిత యాప్‌లు కొన్నిటిలో మన జెండా పక్కన అవి కనిపిస్తాయి. పిల్లలకు ఒకసారి చూపించండి. శ్రీహరికోటకు దగ్గర్లోనే ఉన్న శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ షియోమీ ఫోన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. అక్కడ బిగించిన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను ఆ ఆగస్టులో విశాఖలో విడుదల చేశారు.

ఫోన్ పోతే

స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్లలో రెండు ఉంటాయి. వాటిని కాగితంమీద రాసి బిల్లుతో కలిపి బీరువాలో పెట్టండి. ఫోన్ పోయాక పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకుని, కేంద్రం నడిపే సంచార్ సాథీలోని సీఈఐఆర్ పోర్టల్‌లో ఆ ఐఎంఈఐని బ్లాక్ చేయించవచ్చు. 2023 మే నుంచి దేశమంతా ఈ వీలుంది. ఆ తర్వాత ఎవరు ఏ సిమ్ వేసినా మన నెట్‌వర్క్‌లలో అది పలకదు, వేసిన సంగతి పోలీసులకు తెలుస్తుంది. అదే సంచార్ సాథీలో మీ పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూడొచ్చు. మన రాష్ట్రాల్లో ఒకరికి తొమ్మిదివరకే అనుమతి. మీకు తెలియని నంబరు కనబడితే అక్కడే ఫిర్యాదు చేయండి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఇంకొకటి. లాక్ తీయకుండానే 112కు కాల్ చేయవచ్చు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, అందుబాటులో ఉన్న వేరే నెట్‌వర్క్ మీదుగా ఆ కాల్ వెళ్లే ఏర్పాటు ఉంది. సెట్టింగుల్లో ఎమర్జెన్సీ సమాచారం అన్నచోట మీ రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబర్లు రాసిపెట్టొచ్చు. ప్రమాదంలో స్పృహ తప్పి పడి ఉన్నప్పుడు దారినపోయేవాళ్లు పాస్‌వర్డ్ లేకుండానే అవి చదువుకుంటారు. తెలుగులో కూడా రాయొచ్చు.