మొరాయించిన మరమేకు

బండికి శీల యెట్టిదో యంత్రమునకు మరమేకు అట్టిది. దీనినే మనవారు స్క్రూ అని వ్యవహరింతురు. చేతి గడియారము మొదలు పొలములోని నీటి మోటారు స్టార్టరు వరకు అన్నిటి భాగములను పట్టి నిలుపునది ఇదియే. ఇట్టి స్క్రూ ఒక్కటి ఊడిరాక మొరాయించెనా, లోపలి లోపమెంత స్వల్పమైనను దానిని చూచుటకే వీలుండదు. కొద్దిపాటి మరమ్మతుతో బాగుపడవలసిన వస్తువు పాతసామానుల కుప్పలో చేరును. కావున బిగిసిన స్క్రూను విప్పు నేర్పు ప్రతి విద్యార్థియు ఎరిగియుండదగినది. ఆ నేర్పును రేడియో కారు అను ఆటవస్తువు మూలమున తెలిసికొందము.

దూరమునుండి రేడియో తరంగములచే యంత్రమును నడపు విద్య క్రొత్తది కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను ఈ విధముగా నడిపి ప్రేక్షకులను అబ్బురపరచెను. 1976లో జపాను దేశపు టమియా సంస్థ తన మొదటి రేడియో కారును వెలువరించెను. నేడు అట్టి బండ్లు మన పల్లెల బాలుర చేతులలోనికి కూడ వచ్చినవి. సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న మా నారాయణఖేడ్ వంటి ప్రాంతములలో ఈ కారు వేసవిలో దుమ్మునను వానకాలమున బురదలోను పరుగిడును. ఆ దుమ్ము స్క్రూ తలలోని గాడిలో గట్టిపడును. ఆ తడి ఇనుమునకు తుప్పు పట్టించును. ఒకనాడు పళ్లచక్రము అరిగిపోగా బాలుడు కారును విప్పబూనును. స్క్రూ కదలదు. అతడు బలముకొలది త్రిప్పును. గాడి చెడును గాని స్క్రూ రాదు.

ఇట్లేల జరుగును? మరమేకు అనగా కడ్డీచుట్టు చుట్టబడిన ఏటవాలు బాట. 3 మిల్లీమీటర్ల సాధారణ స్క్రూను ఒక్క చుట్టు త్రిప్పినచో అది ముందునకు సాగునది అర మిల్లీమీటరు మాత్రమే. చేతి చిన్న బలము ఇట్లు పెద్ద బిగింపుగా మారును. అయితే మనము వినియోగించు బలములో సుమారు పదింట తొమ్మిది వంతులు ఘర్షణకే ఖర్చగును. మిగిలిన యొక్క వంతే భాగములను అదిమి పట్టును. ఆ ఘర్షణయే చేయి తీసిన తరువాత స్క్రూ తనంత తాను ఊడకుండ కాపాడును. తుప్పు గాని, జిగురు గాని తోడైనప్పుడు ఆ ఘర్షణ మరింత పెరుగును. కాబట్టి ముందుగా అడుగవలసిన ప్రశ్న “ఎంత బలము కావలెను?” అనునది కాదు, “ఇది యెందువలన బిగిసినది?” అనునది.

పని మొదలిడుటకు పూర్వము బ్యాటరీని తీసివేయవలెను. పిమ్మట సూదితో గాడిలోని మట్టిని పూర్తిగా పెకలించవలెను. మట్టి నిండిన గాడిలో స్క్రూడ్రైవరు మొన పైపైననే నిలిచి జారిపోవును. తరువాత సరియైన కొలత సాధనమును ఎన్నుకొనవలెను. స్టార్ స్క్రూలని మనవారు పిలుచు వానిలో కూడ భేదములు కలవు. హెన్రీ ఫిలిప్స్ అను అమెరికా దేశీయుడు 1936లో పేటెంట్లు పొందిన గాడి యొకటి. జపాను కొలతల గాడి మరియొకటి. చూపునకు రెండును ఒక్కటే. కాని జపాను స్క్రూలో ఫిలిప్స్ మొన అడుగంట దిగక జారవచ్చును. ఆరు పలకల గుంట గల స్క్రూలకు అలెన్ కీ వాడుదురు. అంగుళములో 16వ వంతు గుంట సుమారు 1.59 మిల్లీమీటర్లుండును. అందులో 1.5 మిల్లీమీటర్ల కీ దూరును గాని మూలలను గట్టిగా పట్టదు. త్రిప్పగనే గుంట గుండ్రమగును. కీ వదులుగా నున్నచో త్రిప్పకుండుటయే మేలు.

ఏ వైపునకు త్రిప్పవలెనో కూడ గమనింపవలెను. సైకిలు ఎడమ పెడలునకు ఎదురు మర యుండునని సైకిలు బాగుచేయువారందరు ఎరుగుదురు. దానిని సాధారణ రీతిని విప్పబోయిన, విప్పుటకు మారు బిగించినట్లగును.

ఇక కారణములను బట్టి ఉపాయములను చెప్పెదను. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి మరల నడుమ ఇరుకుకొనును. అట్టి చోట తుప్పును వదలించు పలుచని నూనెను ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక రాత్రి అట్లే విడువవలెను. మరునాడు స్క్రూడ్రైవరును గాడిలో నిలిపి పిడిపై సుత్తితో మెల్లగా తట్టినచో తుప్పు పొర చిట్లును. పిదప విప్పుటకు ముందు రవంత బిగించి, ఆపై వదులు చేయవలెను. ఇట్లు ముందునకు వెనుకకు కదలించుచుండగా పట్టు సడలును.

లోహమునకు లోహమును కూర్చుచోట్ల, ముఖ్యముగా మోటారు కడ్డీపై పళ్లచక్రమును నిలుపు తలలేని స్క్రూనకు, జిగురు పూయుదురు. గాలి తగులుచున్నంతకాలము ద్రవముగా నుండి, గాలి లేని మరల సందున గట్టిపడు ఇట్టి జిగురును 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అను రసాయనశాస్త్రాచార్యుడు కనిపెట్టెను. సాధారణముగా నీలిరంగు జిగురు చేతిబలమునకు లొంగును. ఎఱ్ఱరంగుది సుమారు 250 డిగ్రీల సెల్సియసు వేడికి గాని మెత్తబడదు. టంకము వేయు సాధనపు మొనను స్క్రూపై కొంతసేపు ఉంచి, వేడి తగ్గకముందే విప్పవలెను. అల్యూమినియము ఇనుముకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచించును గనుక, అల్యూమినియపు భాగములో చిక్కిన ఉక్కు స్క్రూనకు కూడ వేడి మేలు చేయును. కాని నూనె పోసినచోట వేడి పెట్టరాదు, మంట లేచును. ప్లాస్టిక్కు చెంతను వేడి కూడదు, అది కరగును. ఈ పని పెద్దలయెదుటనే చేయవలెను.

గాడి ఇదివరకే చెడినచో నిరాశ చెందనక్కరలేదు. సన్నని రబ్బరు పట్టీని గాడికిని స్క్రూడ్రైవరునకును నడుమ నుంచి గట్టిగా అదిమి త్రిప్పి చూడవలెను. తల పైకి ఉబ్బి యున్నచో పట్టకారుతో దాని అంచును పట్టి త్రిప్పవచ్చును. లేదా ఇనుపరంపపు బ్లేడుతో తలపై అడ్డముగా క్రొత్త గాడిని కోయవచ్చును. ఇవియేమియు ఫలింపనప్పుడు మాత్రమే, కంటికి అద్దములు ధరించిన పనివాని చేత డ్రిల్లుతో తలను తొలగింపజేయవలెను. తల పోగా బిగింపు పోవును. భాగము పైకి వచ్చును. మిగిలిన కడ్డీని పట్టకారుతో త్రిప్పి తీయవచ్చును.

విప్పుట యెంత ముఖ్యమో తిరిగి బిగించుటయు అంత ముఖ్యము. ప్లాస్టిక్కులో స్క్రూ తన మరను తానే కోసికొనును. మరల బిగించునప్పుడు దానిని మొదట వెనుకకు త్రిప్పవలెను. ‘టక్కు’మని పాత బాటలో పడిన పిమ్మట ముందునకు త్రిప్పవలెను. అట్లు చేయనిచో క్రొత్త మర పాతదానిని నరికివేయును. రెండు మూడుసార్లకే రంధ్రము పట్టు కోల్పోవును. పైని చెప్పిన జిగురును ప్లాస్టిక్కునకు తగులనీయరాదు. అది పగుళ్లు వారవచ్చును.

బాలబాలికలారా! నిదానమే ప్రధానమని పెద్దలందురు. నిదానమనగా ఊరకుండుట కాదు. కారణము నెరిగి తగిన ఉపాయమును తగిన వరుసలో చేయుట. ఆటబండిపై ఈ నేర్పు నలవరచుకొన్న చేయి రేపు కుట్టుమిషనును, సైకిలును, పొలములోని మోటారును కూడ చక్కబెట్టగలదు. పేదయింట వస్తువు చెడినంతనే మరియొకటి కొనుట సాధ్యము కాదు. ఒక్క స్క్రూను చెడకుండ విప్పగలిగిన వాడు ఆ యింటికి ఒక వస్తువును నిలిపినవాడగును.