చెప్పకుండానే చెప్పే మాట



మొన్న పొద్దున ఐదు గంటలకు బెల్లు కొట్టినా మా గదిలో ఎవ్వరం లేవలేదు. వార్డెన్ సారు తలుపు దగ్గర నిలబడి "ఏందిరా, ఆరు నెలలు ఇంకా నిండలేదా?" అన్నారు. అందరం నవ్వుకుంటూ లేచినం. సారు కుంభకర్ణుని పేరు ఎత్తలేదు, లంక ఊసే లేదు. "ఆరు నెలలు" అనగానే ఆ కథంతా మా కళ్ల ముందుకు వచ్చింది.

ఇట్లా ఒక కథను పూర్తిగా చెప్పకుండా, అందులోని ఒక పేరునో ఒక ముక్కనో గుర్తుచేసి, ఆ కథ అర్థాన్ని మన మాటలోకి తెచ్చుకోవడాన్ని ఇంగ్లీషులో 'అల్యూజన్' అంటారు. పరీక్షలో కొందరు 'ఇల్యూజన్' అని రాసిండ్రు. అది వేరే మాట, దానికి భ్రమ అని అర్థం. మనం తెలుగులో 'కథాసూచన' అనుకుందాం. "కుంభకర్ణునిలాగా నిద్రపోయాడు" అంటే అందులో పోలిక ఉంది కాబట్టి ఉపమ కూడా అవుతుంది. సారు మాటలో "లాగా" లేదు. కథను వినేవాడే వెతుక్కోవాలి.

వెతుక్కోవాలంటే ముందు ఆ కథ తెలిసి ఉండాలి గదా! సంక్రాంతి ముందు మా నాయనమ్మ తాడ్వాయి దిక్కు నుంచి బస్సులో వచ్చి, వరంగల్లులో రైలెక్కి, కేసముద్రంలో దిగి నన్ను చూడవచ్చింది. కొంగులో రేగుపండ్లు మూటగట్టి తెచ్చింది. మా గదివాడొకడు "అరే, శబరి వచ్చిందిరా" అన్నాడు. మేం నవ్వినం. నాయనమ్మ మాత్రం "నా పేరు అది కాదు బిడ్డా" అన్నది. ఆమెకు రామాయణంలో రేగుపండ్ల కథ తెలియదు. పోయేటప్పుడు ఆమె నా తల నిమిరి "మావోడు జంపన్న ఒడ్డున పుట్టినోడు, ఎనుకకు చూడడు" అన్నది. ఈసారి నా స్నేహితులు తెల్లమొహం వేసిండ్రు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయుల సైన్యంతో పోరాడి, ఓటమిని ఓర్చుకోలేక సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడని, అప్పటి నుంచే అది జంపన్న వాగు అయిందని మా పెద్దలు చెప్తారు. ఆ కథ తెలిస్తేనే నాయనమ్మ మాట బరువు తెలుస్తుంది.

పుస్తకాల పేర్లలో కూడా ఇది ఉంటుంది. భారతంలో పాండవులు రాజ్యం వదిలి చివరిసారి నడిచి పోవడమే మహాప్రస్థానం. శ్రీశ్రీ 1950లో వచ్చిన తన పుస్తకానికి అదే పేరు పెట్టి, ఆ చివరి నడకను కొత్త లోకం వైపు నడకగా మార్చాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా 'గబ్బిలం' (1941)లో అంటరానివాడు గబ్బిలంతో శివునికి మొర పంపుకుంటాడు. మేఘం కథ తెలిసినవానికి ఆ గబ్బిలం ఇంకా గట్టిగా తగులుతుంది. తెలంగాణలో 2016లో మొదలైన ఇంటింటికి నల్లా నీళ్ల పథకానికి 'మిషన్ భగీరథ' అని పేరు పెట్టింది కూడా గంగను తెచ్చిన భగీరథుని గుర్తుచేయడానికే.

ఇక నా సంగతి. నేను ఇదివరకు చదివిన ఒక బడిలో చాలా రోజులు లెక్కల సారు లేడు. పై తరగతి అన్నల పాత నోట్సు చూసి లెక్కలు చేసుకున్న. మంచి మార్కులు వస్తే, మీటింగులో ఒక పెద్దాయన "వీడు మన ఏకలవ్యుడు" అని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. నాకూ సంతోషమే అయింది. రాత్రి అన్నం దగ్గర ఒక తమ్ముడు "అన్నా, ఏకలవ్యుని బొటనవేలు పోయింది గద, మరి నీది?" అని అడిగిండు. నేనూ నవ్విన. కానీ నిద్ర పట్టలేదు.

ఆ పెద్దాయన అనుకున్నది 'తనంతట తానే నేర్చుకున్నవాడు' అని మాత్రమే. కానీ పేరు ఎత్తితే కథ మొత్తం వెంట వస్తుంది. నిషాదుని కొడుకని ద్రోణుడు చదువు చెప్పకపోవడం, మట్టి బొమ్మ ముందు నేర్చుకున్నాక వేలు అడగడం, అవి కూడా ఆ పేరులోనే ఉన్నాయి. కాబట్టి ఏకలవ్యుడని మెచ్చుకునేవాళ్లు "మరి గురువు ఎందుకు లేడు?" అని కూడా అడగాలి. కేంద్ర ప్రభుత్వం 1997-98 నుంచి గిరిజన పిల్లల కోసం నడుపుతున్న గురుకులాలకు 'ఏకలవ్య' అనే పేరుంది. ఆ పేరు తప్పని నేను అనడం లేదు. ఇక ముందు ఎవరి వేలూ పోవద్దు అనే మాటగా దాన్ని చదువుకుందాం.

మిత్రులారా! వ్యాసంలో ఏదైనా కథను సూచించేటప్పుడు, అందులోంచి మనకు అక్కరలేని ముక్క కూడా వస్తుందని గుర్తుంచుకోండి. ఇంకొక విన్నపం. మీ తండాల్లో, గూడేల్లో అవ్వలు చెప్పిన కథలు వచ్చే సంచికకు రాసి ఇవ్వండి. అవి ఈ గోడ మీదికి ఎక్కితే, మళ్లీసారి మా నాయనమ్మ వచ్చి జంపన్న పేరు ఎత్తినప్పుడు గదిలో అందరూ తలూపుతారు.

— పదో తరగతి విద్యార్థి