గుండె జబ్బులో సీఆర్‌పీ పరీక్ష ఏమి చెబుతుంది?

"నాయనకు కొలెస్టరాల్ నార్మల్‌కు వచ్చింది కదా డాక్టరు గారూ, ఇంకా మాత్రలు ఎందుకు?" ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి గుండె జబ్బు రోగులను తీసుకువచ్చే ఇంటివారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టే కొలెస్టరాల్ నార్మల్‌గా ఉంది అనేది సగం జవాబు. మిగతా సగం కొలెస్టరాల్ రిపోర్టులో కనిపించదు.

కాలిలో ముల్లు విరిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. శరీరం తనను కాపాడుకోవడానికి చేసే పోరాటం అది. గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళాల గోడల్లో కొవ్వు పూడిక చేరినప్పుడు కూడా తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి ఇలాంటి పోరాటమే మొదలుపెడతాయి. పైకి నొప్పి తెలియదు. ఈ వాపు కొనసాగినకొద్దీ పూడిక పైపొర పలుచబడుతుంది. ఒకరోజు అది చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది. పూడిక చిన్నదైనా ఇలా జరగవచ్చు. నిన్నటి దాకా పొలం పని చేసిన మనిషి ఈ రోజు కుప్పకూలడానికి ఇదొక కారణం.

శరీరంలో వాపు ఎక్కడ ఉన్నా కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీనును ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని 1930లో గుర్తించారు. కొద్ది మోతాదును కూడా కొలవగలిగే పరీక్షను హెచ్‌ఎస్ సీఆర్‌పీ అంటారు. లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువ ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యరకం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది.

అయితే ఈ అంకె చూసి వెంటనే భయపడవద్దు. వాపు గుండె నాళంలో ఉందా, పంటి చిగుళ్లలో ఉందా అన్నది సీఆర్‌పీ చెప్పలేదు. జ్వరం, చీము పట్టిన పుండు, కీళ్లవాతం, ఏది ఉన్నా పెరుగుతుంది. 2006లో మన జిల్లాను పట్టి పీడించిన చికున్‌గున్యా వంటి జ్వరంలో చేయిస్తే గుండె సంగతి ఏమీ తెలియదు. గుండెపోటు వచ్చిన మొదటి రోజుల్లోనూ అంతే. దెబ్బతిన్న కండరం వల్లే అంకె బాగా పెరుగుతుంది. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం వెతికి, తగ్గాక రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలి. రిపోర్టులో కొలమానం కూడా చూడండి. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ఇస్తాయి. అక్కడ 0.4 అంటే లీటరుకు 4 అన్నమాట.

ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఈ పరీక్ష ఊసే వద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి రండి. అప్పుడు కావలసినవి ఈసీజీ, ట్రోపోనిన్.

వాపును తగ్గిస్తే నిజంగా మేలు జరుగుతుందా? 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, గుండెపోటు వచ్చి సీఆర్‌పీ 2 లేక అంతకంటే ఎక్కువ ఉన్న 10,061 మందిని పరీక్షించారు. కొలెస్టరాల్‌ను తగ్గించకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్‌తో మళ్లీ గుండెపోటు వంటివి సుమారు 15 శాతం తగ్గాయి. కాని ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. అందువల్ల గుండె జబ్బుకు ఆ మందు వాడుకలోకి రాలేదు. కీళ్లలో వచ్చే గౌట్ నొప్పికి వాడే కోల్చిసిన్ 2019లో గుండెపోటు రోగుల్లో మేలు చేసినట్లు కనబడింది. 2024లో 7,062 మందిపై జరిగిన పెద్ద పరిశోధనలో మేలు కనబడలేదు. పక్కింటివారికి రాశారని మెడికల్ షాపులో కొనకండి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదం.

మీ నాయన వాడుతున్న స్టాటిన్ మాత్ర కొలెస్టరాల్‌నూ వాపునూ రెండింటినీ తగ్గిస్తుంది. "ఇంకా ఎందుకు?" అన్న ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. నిజానికి అందరికీ సీఆర్‌పీ పరీక్ష అవసరం లేదు. పరీక్షకు డబ్బు పెట్టి, మాత్రలకు లేవని మానేయడం కంటే పరీక్ష మానుకుని మాత్రలు కొనడమే మేలు.

బీడీ, సిగరెట్టు, పొట్ట చుట్టూ కొవ్వు, అదుపు తప్పిన షుగరు, చిగుళ్ల జబ్బు, ఇవన్నీ వాపును పెంచేవే. ఇది పట్నం వాళ్ల జబ్బు అనుకోవద్దు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగినవి.

ఈసారి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు ఒకే సంచిలో తీసుకురండి. రక్తం ఇచ్చే ముందు రెండు వారాల్లో జ్వరంగాని, పంటి నొప్పిగాని, మానని పుండుగాని ఉంటే దాచకుండా చెప్పండి.