పెళ్ళి పిలుపు, అలిగిన బంధుత్వం

మా కడప ప్రాంతంలో అనేక ముస్లిం కుటుంబాలలో పెళ్ళి తేదీ కువైట్‌లో పనిచేసే కుమారుడికో, మామూకో సెలవు దొరికే రోజును బట్టి నిర్ణయమవుతుంది. సెలవు ఖాయమయిందని ఫోను వచ్చిన నాటి నుండి ఇంట్లో సందడి మొదలవుతుంది. రుఖాలు అచ్చవుతాయి. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళి పిలవాలన్న చర్చ నడుస్తుంది. ఫూఫీని ఇంటి పెద్దే స్వయంగా వెళ్ళి పిలవాలి, ఖాలా ఇంటికి ఆడవారు కూడా వెళ్ళాలి, ఫలానా వారికి ఫోను చేస్తే చాలదు - ఇలా ఎన్నో మాటలు. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని సాగే ఈ ముచ్చట్లు వినడానికి ఎంతో ఇంపుగా ఉంటాయి.

అయితే బంధుత్వం ముడిపడేది ఈ మాటలతోనే, తెగిపోయేది కూడా ఈ మాటలతోనే. సాక్షుల సమక్షంలో ఈజాబ్, ఖుబూల్ జరగడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ కొన్ని నిమిషాల శుభకార్యానికి పిలిచిన పిలుపులో లోపం జరిగిందని ఏళ్ళ తరబడి ఒకరి గుమ్మం ఒకరు తొక్కని కుటుంబాలను మేము చూశాము. ఇతరుల సంగతి ఎందుకు? మేమే ఆ తప్పు చేశాము. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నప్పటికీ, ఏదో ఒక ఇంటికి మేలు కలుగుతుందన్న ఆశతో ఆ సంగతి పాఠకుల ముందుంచుతున్నాము.

కొన్నేళ్ళ క్రితం మా తమ్ముడి కుమార్తె పెళ్ళి కుదిరింది. మా తండ్రిగారు మరణించిన తరువాత కుటుంబానికి పెద్ద మేమే. అయినా సంబంధం మాట్లాడే రోజున మాకు కబురు రాలేదు. రుఖా ఇవ్వడానికి కూడా తమ్ముడు రాలేదు. పదిహేనేళ్ళ కొడుకును పంపాడు. ఆ పిల్లవాడు మద్రసా వాకిట్లోనే నిలబడి, "బడే అబ్బా, అబ్బా ఇది మీకిమ్మన్నారు" అని రుఖా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల వద్ద అదే మాట. "పెద్దవాళ్ళకిచ్చే మర్యాద ఇదేనా?" అని ఒకరు, "మగపెళ్ళివారు డబ్బున్నవాళ్ళు కదా, ఇక మనమెందుకు గుర్తుంటాము?" అని మరొకరు. మేము వారిని వారించలేదు. లోలోపల సంతోషించాము కూడా. పెళ్ళినాడు మస్జిదుకు వెళ్ళి, దుఆ ముగిసిన వెంటనే లేచి వచ్చేశాము. భోజనానికి కూర్చోలేదు. తరువాత జుమాగీ విందుకు పిలిచినా వెళ్ళలేదు. అలా పదకొండు నెలలు గడిచాయి. ఆ మధ్యలో రెండు ఈద్‌లు వచ్చిపోయాయి. ఈద్‌గాహ్‌లో తమ్ముడు మాకు నాలుగు వరుసల ముందున్నాడు. సలాము చెప్పకుండానే ఇంటికి చేరాము.

విద్యార్థి అడిగిన ప్రశ్న

ఆ రోజులలోనే ఒకనాడు విద్యార్థులకు నికాహ్ అధ్యాయం బోధిస్తున్నాము. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారి హదీసు వచ్చింది. ఆయన మక్కాలో సర్వస్వం వదులుకుని మదీనాకు వలస వచ్చారు. దైవప్రవక్త (స) ఆయనకూ, అన్సారుల్లోని హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) గారికీ మధ్య సోదర బంధం ఏర్పరచారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, ఆయన "నాకు బజారు దారి చూపండి" అన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు. కొంతకాలానికి ఆయన వస్త్రం మీద సుగంధద్రవ్యపు పసుపు మరక కనిపించగా ప్రవక్త (స) సంగతి ఏమిటని అడిగారు. అన్సారు స్త్రీని వివాహమాడానని ఆయన చెప్పారు. మహర్‌గా ఏమిచ్చావని అడిగితే, ఖర్జూరపు గింజ బరువంత బంగారమని బదులిచ్చారు. ప్రవక్త (స) ఆయనకు శుభం కలగాలని దీవించి, ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా చేయమన్నారు.

ఇంతవరకు చెప్పి, వలీమాకు సంబంధించిన ఆదేశాలు వివరించబోతున్నాము. వెనుక వరుసలో కూర్చున్న ఒక చిన్న విద్యార్థి చేయెత్తాడు. "హజ్రత్, అంటే నికాహ్ అయిపోయేంత వరకు ప్రవక్త (స) గారికి ఆ సంగతే తెలియదా? ఆయనను పిలవలేదా?" అన్నాడు.

"తెలియదు నాయనా, మరక చూసి అడిగితేనే తెలిసింది" అన్నాము.

"మరి ఆయనకు కోపం రాలేదా?"

ఏళ్ళ తరబడి ఆ హదీసును బోధిస్తున్నాము. మహర్ గురించి, వలీమా గురించి ఎన్నోసార్లు వివరించాము. కానీ ఆ పిల్లవాడు చూసిన సంగతి మా కంటికి ఆనలేదు. మదీనా పట్టణం చిన్నది. సమాజమంతటికీ పెద్ద, అందరికీ ప్రాణం కంటే ప్రియమైన వ్యక్తి అక్కడే ఉన్నారు. ఆయన సహచరుడు ఆయనకు తెలియపరచకుండానే పెళ్ళి చేసుకున్నారు. ఆయన "నన్నెందుకు పిలవలేదు?" అని అడగలేదు. మహర్ సంగతి అడిగారు, దీవించారు, విందు ఇమ్మన్నారు. మనమైతే రుఖా ఎవరి చేత పంపారో లెక్కపెడుతున్నాము.

ఆ రోజు పాఠం అక్కడితోనే ఆపివేశాము.

తమ్ముడి ఇంట్లో

జుమా రోజున ముందుగా ఫోను చేసి, అస్ర్ తరువాత మా శ్రీమతిని వెంటబెట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళాము. తలుపు తీసిన తమ్ముడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత సలాము చెప్పి, మా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆడవారు వంటింట్లోకి వెళ్ళిన తరువాత, మనసులో ఉన్న మాట అడిగాము: "రుఖా ఇవ్వడానికి నువ్వెందుకు రాలేదు?"

"భాయిజాన్, రావాలని మద్రసా వీధి మలుపు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి పోయాను" అన్నాడు. "మగపెళ్ళివారు సామాను అడిగారు. నా దగ్గర లేదు. నాలుగు లక్షలు వడ్డీకి తెచ్చాను. మీరు జుమా బయాన్‌లో వడ్డీ గురించి, జహేజ్ గురించి చెప్పే మాటలు నాకు తెలుసు. మీ ముఖం చూస్తే దాచలేను. చెబితే నలుగురిలో ఏమంటారోనని భయపడ్డాను."

మేము పదకొండు నెలలు దేనిని అవమానమనుకున్నామో అది భయం. అది కూడా మా నోటిని చూసి కలిగిన భయం! అనుమానాలకు దూరంగా ఉండమనీ, కొన్ని అనుమానాలు పాపమవుతాయనీ దివ్యఖుర్ఆన్ సూరా హుజురాత్ 12వ ఆయతులో అల్లాహ్ హెచ్చరించాడు. పరోక్షనిందను మరణించిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది కూడా ఆ ఆయతులోనే. మా ఇంటి దస్తర్‌ఖాన్ మీద ఆ పదకొండు నెలలు మేము ఏమి తిన్నామో ఆ సాయంత్రం అర్థమైంది.

జహేజ్ కోరడం తప్పే, వడ్డీ నిషిద్ధమే. ఈ మాట నిన్న చెప్పాము, రేపూ చెబుతాము. మహర్ అనేది వధువుకు సంతోషపూర్వకంగా చెల్లించవలసిన హక్కు అని సూరా నిసా 4వ ఆయతు చెబుతుండగా, వధువు తండ్రి అప్పులపాలు కావడం ఏ ధర్మం? కానీ మా తమ్ముడు కష్టంలో పడినప్పుడు మా దగ్గరకు రావడానికి బదులు వడ్డీ వ్యాపారి దగ్గరకు పోయాడు. సత్యాన్ని సొంత తమ్ముడే దగ్గరకు రాలేనంత కఠినంగా చెప్పిన బాధ్యత మాదే. ఆ రోజు అతను మా గడప ఎక్కి ఉంటే, మగపెళ్ళివారితో ఒక మాట మాట్లాడి ఉండేవాళ్ళమేమో, నలుగురు బంధువులం కలిసి చేబదులు సర్ది ఉండేవాళ్ళమేమో. ఇప్పుడు అందరం కలిసి తీరుస్తున్నాము. ఇంకా కొంత మిగిలే ఉంది.

మూడు జాగ్రత్తలు

ఈ అనుభవం తరువాత, పెళ్ళిళ్ళలోనూ రాకపోకలలోనూ మనం మాట్లాడుకునే మాటల విషయంలో మూడు సంగతులు మా ఇంట్లో పాటించాలనుకున్నాము. పాఠకులకు కూడా వాటిని మనవి చేస్తున్నాము.

మొదటిది, విందులో వంకలు వెతకకపోవడం. బిర్యానీలో మాంసం తక్కువైందనీ, దాల్చా పలుచనైందనీ, మీఠా రెండో విడతకు అందలేదనీ పెళ్ళి నుండి తిరిగి వచ్చే ఆటోలోనే మొదలుపెడతాము. దైవప్రవక్త (స) ఎన్నడూ ఆహారానికి పేరు పెట్టలేదని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలియజేశారు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ నుండి తిరిగి వస్తూ దారిలో హజ్రత్ సఫియ్యా (రజి) గారితో ఆయన వివాహ విందు జరిగినప్పుడు రొట్టె లేదు, మాంసం లేదు. తోలు పరచి ఖర్జూరం, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి వడ్డించారు. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనమే చెడ్డ భోజనమని హదీసు. కాబట్టి విందు గురించి అడగదలచుకుంటే, వీధిలోని పేదవారు వచ్చారా అని అడుగుదాము.

రెండవది, ఇంటికి వెళ్ళినప్పుడు సమయం ఎరగడం. హజ్రత్ జైనబ్ (రజి) గారి వలీమాలో భోజనాలు ముగిసిన తరువాత కూడా ముగ్గురు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుండిపోయారు. ప్రవక్త (స) లేచి బయటికి వెళ్ళి వచ్చారు. వారు అలాగే ఉన్నారు. ఇబ్బందిగా ఉన్నా పొమ్మనడానికి ఆయన బిడియపడ్డారు. అప్పుడు సూరా అహ్‌జాబ్ 53వ ఆయతు అవతరించి, తిన్న తరువాత ముచ్చట్లలో పడకుండా వెళ్ళిపొమ్మని బోధించింది. అదే విధంగా, అనుమతి కోరి సలాము చెప్పనిదే ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదనీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవడమే మీకు పరిశుద్ధమైన పద్ధతి అనీ సూరా నూర్ 27, 28 ఆయతులు తెలుపుతున్నాయి. "ఇప్పుడు వీలుకాదు" అన్న బంధువు మీద అలిగే హక్కు మనకు లేదన్నమాట.

మూడవది, గాయపరిచే పరామర్శలు మానుకోవడం. "ఇంకా సంతానం లేదా?", "అమ్మాయికి సంబంధం కుదరలేదా?", "అత్తవారు ఏం పెట్టారు?" - ఇవన్నీ మనం ప్రేమతోనే అడుగుతున్నామని అనుకుంటాము. మనం టీ తాగి వెళ్ళిపోతాము. ఆ ఇంటి కోడలు ఆ రాత్రి నిద్రపోదు.

ముందుగా సలాము చెప్పేదెవరు?

సోదరునితో మూడు రాత్రులకు మించి మాటలు మానివేయడం ముస్లిమునకు ధర్మసమ్మతం కాదనీ, ఇద్దరూ ఎదురుపడి ముఖాలు తిప్పుకున్నప్పుడు ముందుగా సలాము చెప్పేవాడే శ్రేష్ఠుడనీ దైవప్రవక్త (స) ప్రవచించారు. వచ్చినవారింటికి మాత్రమే వెళ్ళేవాడు బంధుత్వాన్ని నిలిపేవాడు కాడు. బంధం తెగినా కలుపుకునేవాడే అసలైన వాడని మరో హదీసులో ఉంది. ఆ హదీసులు మాకు కంఠస్థమే. అయినా మూడు రాత్రుల గడువును పదకొండు నెలలు చేశాము.

ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో కూడా మాటలు ఆగిపోయిన ఆపా, భాయి, చాచా ఎవరైనా ఉండవచ్చు. తప్పు వారిదే కావచ్చు. అయినా వచ్చే జుమా నాడు ఒక ఫోను చేసి, అనుమతి అడిగి, వారి ఇంటికి వెళ్ళండి. వెళ్ళి పాత లెక్క తీయకండి. వారి మంచిచెడ్డలు అడగండి, వారు చెప్పేది వినండి. బహుశా మీరు అవమానం అనుకున్నది వారి కష్టం కావచ్చు.

అల్లాహ్ మన నాలుకలను మంచి మాటలకు అలవాటు చేయుగాక! తెగిన బంధాలను కలుపుకునే భాగ్యాన్ని, అప్పుల భారం లేని నికాహ్‌లను మన ఇళ్ళకు ప్రసాదించుగాక! ఆమీన్.